నీలం చుక్క

ఇల్లు వదిలి వచ్చేసిన ఆడదానికి ఇంటిపని తప్పిపోతుందని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు ఒక్క పూట నర్సీపట్నం బస్సు కాంప్లెక్సుకి వచ్చి పుష్పవతిని చూడాలి. తెల్లారేసరికి పడుకున్న చోటు ఊడ్చేయాలి, లేకపోతే ఊడ్చే మనిషి కసురుకుంటుంది. సీసాలకు నీళ్ళు పట్టాలి. దుప్పటి మడిచి సంచిలో కుక్కి, ఆ సంచిని మందుల కొట్టు పక్క సందులో ఎవరి కంటా పడకుండా పెట్టాలి. ఇవన్నీ అయ్యాక అసలు పని, ఫోన్లకు ఛార్జింగు పెట్టడం.

మూడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర ఒక స్తంభానికి ఒకే ఒక్క ప్లగ్గు పనిచేస్తుంది. దానికి జోగులమ్మ మామ్మ ఎక్కడినుంచో సంపాదించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలిస్తుంది. జోగులమ్మకి అరవై దాటాయి. కాలువ గట్టు మీద గుడిసె పోయినప్పటినుంచీ, అంటే ఏడేళ్ళుగా, కాంప్లెక్సే ఆమె ఇల్లు. ఏ బస్సు ఎన్నింటికో కొత్తగా వచ్చిన కండక్టర్లు ఆమెనే అడుగుతారు. అక్కడ ఉండే ఐదుగురు ఆడవాళ్ళకి ఐదు ఫోన్లు. రోజుకొకరు ప్లగ్గు దగ్గర కాపలా కూర్చుంటే మిగతావాళ్ళు స్నానాలకి వెళ్ళి వస్తారు. కాపలా అంటే ఊరికే కూర్చోవడం కాదు. వీళ్ళు కూలికి వెళ్ళే జీడిపిక్కల షెడ్డు మేస్త్రి ఎవరో ఒకరి ఫోన్‌కి వాయిస్ మెసేజీ పెడతాడు, ఈ పూట ఎంతమంది కావాలో చెబుతాడు. వెంటనే తెరిచి విని, వస్తున్నామని జవాబు చెప్పకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది. అందుకని ఐదు ఫోన్లకీ ఒకటే తాళం పెట్టుకున్నారు. పైనుంచి కిందకి ఒక గీత, కిందనుంచి పక్కకి ఒక గీత, అంతే. ఎవరు కాపలా ఉంటే వాళ్ళు ఎవరి ఫోనైనా తెరవొచ్చు. చదువుకున్నవాళ్ళెవరూ ఇలాంటి తెలివితక్కువ పని చేయరని మీరు అనొచ్చు. చదువుకున్నవాళ్ళకి గదికి రెండు ప్లగ్గులుంటాయి మరి.

ఆ రోజు ఆదివారం, షెడ్డుకి సెలవు. పుష్పవతికి పొద్దున లేచినప్పటినుంచీ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పదకొండు గంటలకి కూతురు ఫోన్ చేస్తుంది. రోజారమణి, అత్తగారి తల్లి పేరు, వద్దన్నా పెట్టారు, గురుకులం హాస్టల్లో తొమ్మిది చదువుతోంది. ఆదివారాలు వార్డెనమ్మ ఫోన్‌లోంచి మనిషికి ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఇంకో సంగతి కూడా ఉంది. రేపు, సోమవారం, పుష్పవతి ఏటికొప్పాక వెళ్ళిపోతోంది. అక్కడ సింహాద్రమ్మ గారని, పదిమంది ఆడవాళ్ళని పెట్టుకుని లక్కబొమ్మలు చేయిస్తుంది. బొమ్మలకి రంగు పట్టించే పని, షెడ్డు వెనకాలే ఒక గది. నర్సీపట్నంలో గది కోసం పుష్పవతి తిరిగిన ఆరు ఇళ్ళలోనూ ఒకటే మాట: "మీ ఆయన నంబరియ్యమ్మా, మాట్లాడి చెప్తాం." సింహాద్రమ్మ గారు మాత్రం, "మీ ఆయన్తో నాకేటి పని? నీ నంబరుంటే ఇయ్యి" అంది. ఆ మాట విన్నప్పటినుంచీ పుష్పవతి లోలోపల గెంతులేస్తోంది. కాకపోతే ఆమెకంటూ ఒక నంబరు లేదు. చేతిలో ఉన్నది భర్త పేరున ఉన్న సిమ్ము, భర్త కొన్న ఫోను. కూతురికి తెలిసిన నంబరు అదొక్కటే కాబట్టి పారేయలేక మోస్తోంది.

స్నానం చేసి, తడి చీర పిండుకుంటూ వచ్చేసరికి జోగులమ్మ ముఖం ఎప్పటిలా లేదు.

"ఓలమ్మీ, కోప్పడకు. నీ ఫోన్ మోగింది. రేపటి పనికి మేస్త్రేమోనని ఎత్తీసేను. నీ మొగుడు."

పుష్పవతి చీర కింద పెట్టేసింది. "ఏటన్నారు?"

"'పగలు జీడిపిక్కల షెడ్డు, సాయంత్రం బస్టాండు. ఇలగ ఎన్నాళ్ళుంటాదో సూస్తాను. కడుపు మాడితే అదే వస్తాదని సెప్పండి' అన్నాడు. నవ్వేడు కూడాను. నానేటీ సెప్నేదమ్మా, నోరు తెరిసేలోపల ఆడే అంతా సెప్పీసేడు."

ఇరవై రెండు రోజులు. ఇరవై రెండు రోజులుగా ఎవరికీ చెప్పకుండా, చీర కొంగు నెత్తి మీంచి తీయకుండా, తమ ఊరి వైపునుంచి నాతవరం బస్సు వచ్చిందంటే మరుగుదొడ్ల వెనక్కి పోయి నిలబడుతూ వచ్చింది. ఆదివారాలు ఎవరో బాబులు పులిహోర పొట్లాలు పంచడానికి వచ్చి, పొట్లం చేతిలో పెడుతూ వీడియో తీసుకుంటారు. "పొటో తీస్తే పొట్లం ఒద్దు బాబూ" అని జోగులమ్మ వాళ్ళతో దెబ్బలాడేది. కొందరు పొట్లం మాత్రం ఇచ్చి వెళ్ళేవారు, కొందరు పొట్లం కూడా పట్టుకుపోయేవారు. ఆ ఫొటో ఎవరి ఫోన్‌లోంచి ఎవరి ఫోన్‌లోకి వెళుతుందోనన్న భయంతో రెండు ఆదివారాలు పులిహోర వాసన చూస్తూ పస్తు ఉంది పుష్పవతి. ఇంత చేస్తే ఆయనకెలా తెలిసింది?

"నువ్వు సెప్పకపోతే ఆయనకెలా తెలుస్తాది మామ్మా? నా ఫోన్ తాళం నీకు తెలుసు. నంబరు నీకు తెలుసు."

అన్నాక నాలుక కరుచుకుంది కానీ మాట వెళ్ళిపోయింది. జోగులమ్మ లేచింది. పుష్పవతి ఫోన్ ప్లగ్గులోంచి తీసి, వైరు నీట్‌గా చుట్టి, ఆమె చేతిలో పెట్టింది.

"నీ ఫోన్ నువ్వే కాసుకో" అని అటు తిరిగి కూర్చుంది.

పుష్పవతి కాంప్లెక్సు గేటు దాకా నడిచి, అక్కడ అరుగు మీద కూర్చుండిపోయింది. ఆలోచించిన కొద్దీ ఒక సంగతి మెల్లగా పైకి తేలింది. ఆయనకి ఎప్పుడూ అన్నీ తెలుసు. నాతవరం దగ్గర పల్లెలో ఎరువుల కొట్టు నడుపుకునే ధర్మారావుకి, కొట్లో కూర్చునే, ఇంట్లో పెళ్ళాం ఏం చేస్తోందో తెలిసిపోయేది. "ఏటి, పదకొండింటికి రత్నమణోళ్ళింటికెళ్ళేవా?" అనేవాడు అన్నం కలుపుకుంటూ. "డ్వాక్రా మీటింగు అరగంటలో అయిపోతే గంటన్నర ఎక్కడున్నావు?" అనేవాడు. ఊళ్ళో ఎవరో చేరవేస్తున్నారనుకుని పుష్పవతి ఒక్కొక్కరినే అనుమానించి, ఒక్కొక్కరితోనే మాటలు మానేసింది. పాలమ్మే సోమన్న చెప్పుంటాడనుకుంది. పక్కింటి పిల్ల చెప్పిందనుకుంది. చివరికి బడిలో తనతో చదువుకున్న రత్నమణి ఒక్కతే మిగిలింది మాట్లాడుకోవడానికి. అత్తగారు కొడుకు తెలివికి పొంగిపోయేది. "మొగుడికి తెలీని మాట ఆడదాని కడుపులో ఎందుకుండాల?" అనేది. ఫోన్ కొన్నప్పుడు పాస్‌వర్డు తానే పెట్టుకుంటానని పుష్పవతి అడిగితే ధర్మారావు నవ్వాడు. "దాచుకోడానికి నీ దగ్గరేటుందే? పప్పూ ఉప్పూ చిట్టాలా?"

ఆ నవ్వే మూడు వారాల కిందట ఇంటినిండా వినబడింది. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షను వీళ్ళింట్లోనే చేశారు. నలభై మందికి వంట. మూడు రోజులు రుబ్బి, కడిగి, వడ్డించి, ఎత్తి పుష్పవతి నడుము వంగడం మానేసింది. సాయంత్రం అందరూ హాల్లో కూర్చుని కాఫీలు తాగుతుంటే ధర్మారావు స్పీకరు పెట్టి, "ఉండండి, మా ఆవిడ కచేరీ ఇనిపిస్తాను" అన్నాడు. స్పీకర్లోంచి పుష్పవతి గొంతు వచ్చింది. "నడుం ఇరిగిపోతందే రత్నమణీ. ఈ ఇంట్లో నువ్వు తిన్నావా అని అడిగే మనిషి లేడే." అంతకుముందు రోజు పెరట్లో గిన్నెలు తోముతూ, ఎవరూ లేరని చూసుకుని ఫోన్‌లో చెప్పుకున్న మాటలు. ఆమె ఫోన్‌లో మాట్లాడే ప్రతి మాటా రికార్డు అవుతుందనీ, ఆ రికార్డులు భర్తకి చేరుతాయనీ అప్పుడే తెలిసింది. హాలంతా ఘొల్లుమంది. "తిన్నట్టు లేదేటి మనిషి?" అంది అత్తగారు, మళ్ళీ నవ్వు. గారెల పళ్ళెం పట్టుకుని నిలబడిన పుష్పవతి కూడా నవ్వింది. అందరూ నవ్వింది మర్చిపోగలదు కానీ తాను నవ్వింది మాత్రం ఈరోజుకీ మింగుడుపడలేదు. మర్నాడు పొద్దున గంగాళాలన్నీ తోమి బోర్లించి, పాలు కాచి మూతపెట్టి, ఆధార్ జిరాక్సూ రెండు చీరలూ సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కేసింది. తమ్ముడింటికి వెళితే మధ్యాహ్నానికల్లా బావగారికి ఫోన్ చేస్తాడు. అందుకే కాంప్లెక్సులో దిగిపోయింది.

"అక్కా, ఏటలా ఉన్నావు?"

కెజియా. కాంప్లెక్సు గేటు పక్కన రంగుల గొడుగు వేసుకుని సిమ్ములు అమ్మే అమ్మాయి. డిగ్రీ చదివింది. చర్చిలో పొద్దుటి ఆరాధన చూసుకుని తెల్ల చుడీదారుతోనే వచ్చి గొడుగు తెరుస్తోంది. సింహాద్రమ్మ గారి సంగతి చెప్పి, తన ఫోన్‌లోంచి మాట్లాడించింది కూడా ఈ అమ్మాయే. పుష్పవతి జరిగిందంతా చెప్పి, ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. కెజియా అదీ ఇదీ నొక్కుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"అక్కా, మామ్మ ఏమీ చెప్పలేదు. ఇలా చూడు."

తెర మీద నర్సీపట్నం మ్యాపు. మధ్యలో, కాంప్లెక్సు ఉన్నచోట, ఒక నీలం చుక్క. కింద గుండ్రటి బొమ్మలో ధర్మారావు ముఖం, కొట్టు ప్రారంభం రోజున తీయించుకున్న ఫొటో.

"ఆ చుక్క నువ్వే. నువ్వెక్కడికెళ్తే అదక్కడికెళ్తాది. బావగారు తన ఫోన్‌లో ఇరవై నాలుగ్గంటలూ చూసుకోవచ్చు. ఫోన్ కొన్నరోజే పెట్టేరు. ఐదేళ్ళయింది."

"ఇక్కడ ఇంగ్లీషులో ఏదో రాసుంది కదా, ఏటది?"

"ఎన్నాళ్ళు కనబడాలి అని. 'మీరు ఆపే వరకు' అని ఉంది."

పుష్పవతి ఆ అక్షరాలకేసి చూస్తూ ఉండిపోయింది. ముందు కోపం వచ్చింది, చెవులు వేడెక్కేంత కోపం. సోమన్నని అనుమానించింది. పక్కింటి పిల్లని అనుమానించింది. ఇవాళ అన్నం పెట్టిన జోగులమ్మని అనుమానించింది. ఇంకొకటి గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. పది రోజుల కిందట ఫోన్‌కి నెల రీఛార్జి చేసినట్టు మెసేజీ వచ్చింది, ఆయనే చేశాడు. ఎంతయినా మనసులో ఏ మూలో నేనున్నాను అనుకుని, ఆ మెసేజీని జోగులమ్మకి కూడా చూపించి, కళ్ళు తుడుచుకుంది. ఆ రీఛార్జి తన కోసం కాదు, చుక్క ఆరిపోకుండా. ఇరవై రెండు రోజులూ ఎక్కడుందో తెలుసు. ఎండలో ఉందని, బస్టాండులో పడుకుంటోందని తెలుసు. ముప్పావు గంట బండి ప్రయాణం. రాలేదు, కొట్లో కూర్చుని చుక్క ఎప్పుడు ఇంటి వైపు కదులుతుందా అని చూస్తున్నాడు.

ఉన్నట్టుండి పుష్పవతికి నవ్వొచ్చింది. ఫొటో పడుతుందని పులిహోర మానేసింది! చుక్కని రవికలో పెట్టుకుని తిరుగుతూ, కొంగు కప్పుకుంది! నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. కెజియా భయపడి నీళ్ళ సీసా అందించింది. "ఏం లేదమ్మా" అంది పుష్పవతి. "ఐదేళ్ళనుంచీ నేను ఆపే వరకు అని రాసుందట. నేనాపలేదు, అంతే. ఎక్కడ నొక్కాలి? చెప్పు, బేగి చెప్పు."

"ఆగక్కా! ఇప్పుడు నొక్కితే చుక్క మాయమైపోతాది. ఆయన వెంటనే బండేసుకుని ఇక్కడికే వస్తాడు. ముందు నీ సిమ్ము, నీ పాపతో మాట. ఆ తర్వాతే ఇది."

పుష్పవతి ఒక్క క్షణం ఆలోచించింది. రేపు ఈ ఫోన్‌తోనే ఏటికొప్పాక వెళ్ళుంటే చుక్క కూడా వెంట వచ్చేది. సింహాద్రమ్మ గారి గది గుమ్మం దాకా దారి చూపించేది.

"రేపు కాదు, ఇవాళే వెళ్ళిపోతాను" అంది. ఆ మాట అనగానే ఒళ్ళంతా జలదరించింది. సంబరమో భయమో ఆమెకే తెలియలేదు, ఏదైనా బాగుంది.

సిమ్ముకి ఆధార్ నంబరు కావాలి. జిరాక్సు తీయబోయిన కెజియాని ఆపి పుష్పవతి పన్నెండంకెలూ గడగడా చెప్పేసింది. రేషనుకీ, డ్వాక్రాకీ, గ్యాసుకీ ఇంట్లో అందరి కాగితాలూ నింపిన మనిషి కదా. ఆ తర్వాత వేలిముద్ర. కుడిచేతి బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. చూపుడువేలు, ఎర్ర లైటే. జీడిపిక్కల రసం ఇరవై రోజులుగా వేళ్ళని తినేసింది, చర్మం ఊడి గీతలన్నీ పోయాయి. ఒక్కొక్క వేలూ పెడుతూ వచ్చింది. కుడిచెయ్యి అయిపోయింది. టైము పదిన్నర. ఎడమచేతి బొటనవేలు, కాదు. చూపుడువేలు, కాదు. పదహారేళ్ళు అంట్లు తోమి, ఇరవై రోజులు పిక్కలు కొట్టి, తాను తానేనని చెప్పడానికి ఒక్క వేలు మిగలలేదా?

"ఆ సిటికినేలు పెట్టు" అంది వెనకనుంచి జోగులమ్మ. ఎప్పుడొచ్చిందో. ప్లగ్గు దగ్గర ఇంకొకామెని కూర్చోబెట్టి వచ్చింది. "దాన్ని ముందు నొసట రాయి. రేసను కాడ అందరం అలాగే రాస్తాం. కొంచెం సమురు తగిల్తే దిగుతాది."

పుష్పవతి ఎడమచేతి చిటికెనవేలిని నుదుటి మీద రుద్ది మిషను మీద పెట్టింది. తోమేటప్పుడూ, రుబ్బేటప్పుడూ, పిక్క కొట్టేటప్పుడూ ఏ పనికీ చెయ్యి కలపకుండా పక్కకి నిలబడే వేలు. పచ్చ లైటు వెలిగింది. కెజియా చప్పట్లు కొట్టేసింది.

"ఇంకో నంబరు కావాలక్కా, ఓటీపీకి. బావగారిది కాకుండా."

"నాది రాయి" అంది జోగులమ్మ.

పుష్పవతి ఆమె చెయ్యి పట్టుకుంది. "మామ్మా, నిన్నట్టుకుని అంత మాటన్నాను."

"అనుమానం లేకపోతే బస్టాండులో ఆడది బతకలేదే. బాగానే నేర్సుకున్నావు" అని చెయ్యి విడిపించుకుని, ముక్కు చీదింది జోగులమ్మ. "పన్నెండుంబావుకి యలమంచిలి బస్సుంది. ఏటికొప్పాక మీదగానే ఎల్తాది. అది పోతే మల్ల మూడింటికే."

సిమ్ము మేలుకోవడానికి గంట పడుతుందన్నారు. ఆ లోపల కెజియా దాన్ని అదే ఫోన్‌లో రెండో సిమ్ము అరలో పెట్టి, పుష్పవతి పేరున కొత్త ఖాతా తెరిచింది, మాటలు రికార్డు చేసేదాన్ని తీసిపారేసింది. సరిగ్గా పదకొండు దాటి రెండు నిమిషాలకి పాత నంబరు మోగింది.

"అమ్మా, తిన్నావా?"

ప్రతివారం ఆ పిల్ల మొదటి మాట అదే. "తిన్నానే. నువ్వు?"

"ఊఁ. అమ్మా, నాన్న నిన్న వచ్చేరు. నువ్వెక్కడున్నావో ఫోన్‌లో చూపించేరు. నీలం చుక్క. 'ఎక్కడికీ పోలేదు మీ అమ్మ, తిరిగి వచ్చేస్తాది' అన్నారు. నేను ఫోన్ ఇమ్మని చాలాసేపు చూసేనమ్మా. చుక్క కొంచెం కదిలింది. నువ్వు నడుస్తున్నావనుకున్నాను."

పుష్పవతి కళ్ళు గట్టిగా మూసుకుంది. పిల్ల తల్లిని చుక్కగా చూసి సరిపెట్టుకుంది. ఇప్పుడు ఏడిస్తే ఐదు నిమిషాలూ అయిపోతాయి.

"రోజా, పెన్నుందా? చేతి మీద రాసుకో." కొత్త నంబరు ఒక్కొక్క అంకే చెప్పింది. పిల్ల తిరిగి అప్పజెప్పింది, ఒక్క తప్పు లేదు. "ఇది అమ్మ నంబరు. అమ్మ పేరున. వచ్చేవారంనుంచి దీనికే చెయ్యి. ఆ చుక్క ఇంక కనబడదమ్మా. నేనెక్కడున్నానో తెలియాలంటే నన్నడుగు. నీకు చెప్తాను. ఎప్పుడడిగినా చెప్తాను."

"నాన్న అడిగితే ఏం చెప్పను?"

"అబద్ధం ఆడకు. అమ్మనే అడగమంది అని చెప్పు."

"సరే" అంది పిల్ల. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, నీ పేరునే? నిజంగా?" అని నవ్వింది. వార్డెనమ్మ టైమైపోయిందని అరవడం వినిపించింది.

పన్నెండుకి పది నిమిషాలుండగా కొత్త నంబరుకి కెజియా రింగిచ్చింది. పుష్పవతి చేతిలో ఫోన్ వణికింది. తన పేరున మోగిన మొదటి మోత. రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారి ఎత్తి, ఎదురుగా నిలబడిన మనిషితోనే "హలో, ఎవరండీ?" అంది. ముగ్గురూ విరగబడి నవ్వారు. ఆ నంబరుతో మొదట సింహాద్రమ్మ గారికి చేసింది. ఇవాళే వస్తానంటే ఆమె, "రా తల్లీ. తాళంకప్ప మాత్రం నువ్వే తెచ్చుకో. రెండు తాళాలూ నీ దగ్గరే ఉంచుకోవాల, నాక్కూడా ఇయ్యక్కర్లేదు" అంది. జోగులమ్మ వెళ్ళి తన సంచికి వేసుకునే కప్ప ఊడదీసి తెచ్చేసింది. వద్దంటే వినలేదు. నా సంచిలో దొంగలకి పనికొచ్చేదేటుంది, అంది.

"అక్కా, ఫోన్ తాళం మార్చెయ్యి. నాలుగంకెలు. నీకు గుర్తుండేవి, ఇంకెవరికీ తట్టనివి" అని ఫోన్ చేతికిచ్చి కెజియా అటు తిరిగి నిలబడింది. జోగులమ్మ కూడా రోడ్డుకేసి తిరిగి బస్సులు చూడసాగింది. పుష్పవతికి ఒక్కసారిగా చేతులు ఆడలేదు. ఆమె స్నానం చేస్తుంటే తలుపు కొట్టి టైమెంతైందో చెప్పినవాళ్ళున్నారు, ఉత్తరం రాసుకుంటే భుజం మీంచి చదివినవాళ్ళున్నారు. ఆమె కోసం ముఖం పక్కకి తిప్పుకున్నవాళ్ళని ఇవాళే చూస్తోంది. మెల్లగా, ఒక్కొక్కటే నొక్కింది. ఆ నాలుగంకెలేమిటో ఈ కథ చెప్పే మనిషికి కూడా తెలియదు.

"అయిపోయిందా?" అంది జోగులమ్మ ఇటు తిరిగి. "మరి మేస్త్రి మెసేజీ పెడితే ఎలాగే?"

"నేనింక పిక్కలు కొట్టను కదా మామ్మా. నీ తాళం కూడా మార్చుకో. కెజియా చూపిస్తాది."

"నాకెందుకే?" అంది కానీ, ఫోన్ తీసి కెజియా చేతిలో పెట్టింది.

బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. కెజియా కిటికీ దగ్గరికి వచ్చి ఆఖరిసారి చూపించింది. ఇది నొక్కితే చుక్క ఆగుతుంది. దాని తర్వాత ఇది నొక్కితే ఆయన పెట్టిన ఖాతా ఫోన్‌లోంచి పోతుంది. పాత సిమ్ము పిన్నుతో తీసి పారేయాలి. పుష్పవతి తలూపింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అంటే ఆధార్ జిరాక్సు చూపించి, "ఏటికొప్పాక" అంది. ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఇంజను మోగింది. కిటికీలోంచి జోగులమ్మ చెయ్యి నిమురుతూ, ఏడవకూడదని బస్సు టైములన్నీ వరసగా చెప్పుకుపోతోంది.

బస్సు కదిలింది. నీలం చుక్క ఇంకా కాంప్లెక్సు మీదే ఉంది. 'మీరు ఆపే వరకు.' పుష్పవతి ఆ మాట మీద వేలు పెట్టింది, ఎడమచేతి చిటికెనవేలు, కావాలనే. నొక్కింది. ధర్మారావు ముఖం తెర మీంచి పోయింది. రెండోది కూడా నొక్కింది. ఏ శబ్దమూ రాలేదు. పక్క సీట్లో ఆవిడ బఠాణీలు నములుతూనే ఉంది. పుష్పవతికి మాత్రం లేచి నిలబడి అందరికీ చెప్పాలనిపించింది.

జడలోంచి పిన్ను తీసి సిమ్ము కోసం చూస్తుండగానే ఫోన్ మోగింది. పాత నంబరే, ఆయనే. ఊరి చివరి పెట్రోలు బంకు కూడా రాలేదు ఇంకా. ఇరవై రెండు రోజులు ఆమె ఆకలికి కదలని మనిషి, చుక్క ఆరిపోతే ఐదు నిమిషాలు ఆగలేకపోయాడు. పుష్పవతి ఎత్తింది.

"ఏయ్, ఏటైంది నీ ఫోన్‌కి? ఎక్కడున్నావే?"

పెళ్ళయిన పదహారేళ్ళలో ఎక్కడున్నావో ఎన్నోసార్లు చెప్పాడు, ఎక్కడికి వెళ్ళకూడదో చెప్పాడు, ఎక్కడ ఎంతసేపున్నావో లెక్క చెప్పాడు. నిజంగా తెలియక అడగడం ఇదే మొదటిసారి. గొంతులో కంగారు కూడా ఉంది. ఊరి పేరున్న టికెట్టు పుష్పవతి గుప్పిట్లో చెమటకి మెత్తబడుతోంది. బంకు దాటగానే కిటికీలోంచి చెరుకు తోటలు మొదలయ్యాయి.

"చెప్పను" అంది పుష్పవతి.